అంధ బాలబాలికల విద్య – ఆఱు చుక్కల లిపి

ఇంద్రియములన్నింటిలో నయనము ప్రధానమని పెద్దల మాట. చూపు గలవారు తమ చూపును జాగ్రత్తగా కాపాడుకొనవలయునని హెచ్చరించుటకే ఆ మాట పుట్టినది గాని, చూపు లేనివారికి చదువు లేదని తీర్పు చెప్పుటకు కాదు. అయినను మన సంఘమున అది తీర్పుగనే చెల్లుచున్నది. చూపులేని పిల్లవానిని చూచి జాలిపడువారు పదిమంది యుందురు. వానిని ఏ బడిలో వేసితిరని యడుగువాడు ఒక్కడును కానరాడు. జాలి వలన పిల్లవానికి ఒక పూట మిఠాయి దొరకవచ్చును, అక్షరము దొరకదు.

బెంగుళూరు నగరమున తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. వారుగాక అనంతపురము, కర్నూలు, పాలమూరు ప్రాంతముల నుండి ఇండ్లు కట్టు పనులకును, రోడ్డు పనులకును వచ్చి రేకుల షెడ్లలో కాపురముండు కుటుంబములు ఎన్నియో కలవు. అట్టి కుటుంబమున చూపులేని బిడ్డ యున్నచో ఆ బిడ్డ గతి యేమి? తల్లి తట్ట మోయుటకు పోవును. తండ్రి ఇటుక పేర్చుటకు పోవును. బిడ్డ షెడ్డులో ఒక మూల కూర్చుండును. లేదా ఊరిలో అవ్వ దగ్గర విడువబడును. బడి మాట యెత్తినచో తల్లి, “యాడికి పంపేది సార్? మా కండ్ల ముందర ఉంటే సాలు” అనును. ఆ మాటలో ప్రేమకు కొదువ లేదు. ఎచ్చటికి పంపవలయునో, పంపినచో ఏమి నేర్పుదురో, ఖర్చెంతయో ఆమెకు చెప్పినవారు మాత్రము లేరు. “యాడికి” అని ఆమె యడిగిన ప్రశ్న న్యాయమైనది. దానికి తగిన సమాధానము మన పాఠశాల విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలిసియుండుట అవసరము. ఏలయన, అట్టి కుటుంబముల మాట అర్థము చేసికొని బదులు చెప్పగలవారు ఈ నగరమున మొదట మనమే.

పూర్వము చూపు మందగించిన బాలునకు సంగీతమొక్కటే శరణ్యముగా నుండెడిది. ఈ బెంగుళూరు నగరముననే 1893వ సంవత్సరమున జన్మించి, విశాఖపట్టణమున పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారికి బాల్యము నుండియు చూపు మందము. ఆ కారణమున బడి చదువు సాగలేదు. అన్నగారి వద్ద వయొలిన్ నేర్చిరి. 1919లో విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులైరి. 1936లో ఆ కళాశాలకు అధ్యక్షులైరి. 1957లో పద్మశ్రీ బిరుదము నందిరి. ఇటు కర్ణాటకమున గదగు పట్టణములోని వీరేశ్వర పుణ్యాశ్రమమున పంచాక్షర గవాయిగారును, వారి శిష్యులు పుట్టరాజ గవాయిగారును పేద అంధ బాలురకు అన్నము పెట్టి సంగీతము నేర్పిరి. గురుశిష్యులిరువురును అంధులే. 1914లో జన్మించిన పుట్టరాజ గవాయిగారు 2010లో కీర్తిశేషులైరి.

ఈ మహనీయులకు నమస్కారము. అయినను ఒక సంగతి నిర్మొగమాటముగ చెప్పవలయును. చూపులేని ప్రతి పిల్లవాని చేతికి హార్మోనియము నందించి మన బాధ్యత తీరినదనుకొనుట తగదు. కన్నులున్న నూరుమంది పిల్లలలో పాటగాండ్రు ఎందరుందురో, కన్నులు లేని నూరుమందిలోను అందరే యుందురు. మిగిలినవారికి లెక్కలు కావలయును, చరిత్ర కావలయును, వ్యాకరణము కావలయును. అనగా అక్షరము కావలయును.

ఆ అక్షరమును సంపాదించి యిచ్చినవాడు ఒక చేతిపనివాని కుమారుడు. ఫ్రాన్సు దేశమున పారిసు నగరమునకు చేరువనున్న కూవ్రే అను గ్రామమున 1809వ సంవత్సరమున లూయీ బ్రెయిలీ జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల వయసున లూయీ తండ్రి పనిముట్లతో ఆడుకొనుచుండగా తోలు పొడుచు ఆరె కంటికి తగిలెను. ఆ గాయము చీము పట్టి రెండవ కంటికిని వ్యాపించి, అయిదేండ్లు వచ్చునప్పటికి చూపు పూర్తిగా పోయెను. ఆ గ్రామపు ఉపాధ్యాయుడు ఆ బాలుని తక్కిన పిల్లల నడుమనే కూర్చుండబెట్టి పాఠములు విననిచ్చెను. ఈ చిన్న సంగతిని నేను పెద్ద సంగతిగా తలంతును. ఆ గ్రామపు బడి తలుపు మూసికొనియున్నచో నేడు ప్రపంచమున అంధులకు ఈ లిపి యుండెడిదో, లేదో!

పదియేండ్లు వచ్చిన పిమ్మట 1819లో లూయీ పారిసులోని అంధ పాఠశాలలో చేరెను. అచ్చట పుస్తకములు లేకపోలేదు. మామూలు అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చొత్తియుండిరి. ఒక్కొక్క అక్షరము వంపులను వ్రేలితో తడవి గుర్తించుటకు చాల కాలము పట్టెడిది. పైగా అట్టి అక్షరములను పిల్లలు తామై వ్రాయలేకపోయిరి. అప్పుడే షార్ల్ బార్బియే అను నాతడు పండ్రెండు చుక్కలతో నొక పద్ధతి కల్పించి ఆ పాఠశాలకు తెచ్చెను. పండ్రెండు చుక్కలు ఒక్క వ్రేలి కొనకు ఒక్కసారి అందవు. లూయీ ఆ చుక్కలను ఆఱుకు తగ్గించెను. ఆఱు చుక్కలు వ్రేలి కొన క్రింద ఒక్క తాకుడులో ఇముడును. 1824 నాటికి, పదునైదేండ్ల ప్రాయముననే, ఆ లిపి యొక్క స్వరూపము తేలినది. 1829లో దానిని గ్రంథరూపమున ప్రకటించెను. అయినను ఆ పాఠశాల దానిని అధికారికముగ స్వీకరించినది 1854లో. అప్పటికి లూయీ మరణించి రెండేండ్లయినది. చూపు పోగొట్టినది మొనగల పనిముట్టే. వ్రాత నేర్పినదియు మొనగల పనిముట్టే!

ఇక లిపి స్వరూపమును చూతము. నిలువుగా మూడు చుక్కలు, వాని ప్రక్కన మఱి మూడు. ఎడమవైపు పైనుండి క్రిందికి 1, 2, 3. కుడివైపు పైనుండి క్రిందికి 4, 5, 6. ఈ ఆఱింటిలో కొన్నిటిని ఉబ్బెత్తుగా చేసి, కొన్నిటిని విడిచిపెట్టినచో మొత్తము 63 రూపములు ఏర్పడును. మన దేశమున మొదట ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క విధముగ ఈ చుక్కలను వాడుచుండిరి. 1951లో భారతీయ భాషలన్నింటికిని ఒకే పద్ధతి నిర్ణయింపబడినది. దానికి భారతి బ్రెయిలీ యని పేరు. ఆంధ్రదేశమున నేను ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు బ్రాహ్మి మొదలుకొని లిపి పరిణామమును గూర్చి పాఠములు వింటిని గాని, ఈ లిపి అందు లేకుండెను. ఉపాధ్యాయులు కాబోవువారు దీనిని తప్పక నేర్వవలసియున్నది.

తెలుగు ‘అ’కు 1వ చుక్క మాత్రమే. ‘ఆ’కు 3, 4, 5. ‘ఉ’కు 1, 3, 6. ‘క’కు 1, 3. ‘మ’కు 1, 3, 4. ‘ల’కు 1, 2, 3. హల్లు ఒంటిగా నున్నచో అందు అకారము ఇమిడియే యుండును. కావున ‘కమల’ అను మాటకు మూడే గడులు: 1-3, 1-3-4, 1-2-3. వేఱొక అచ్చు వచ్చినచో హల్లు తరువాత ఆ అచ్చును వ్రాయుదురు. ‘కాలు’ అనుటకు క, ఆ, ల, ఉ అని నాలుగు గడులు. మన మామూలు వ్రాతలో గుడి పైన, కొమ్ము ప్రక్కన, ఒత్తు క్రింద నుండును గదా; ఈ లిపిలో అన్నియు ఒకే వరుసలో, పలుకు క్రమముననే వచ్చును. ద్విత్వమునకును, సంయుక్తమునకును ముందుగా 4వ చుక్క ఒక్కటి యుంచవలయును. ‘అమ్మ’ అను మాటకు 1, పిమ్మట 4, పిమ్మట 1-3-4, మరల 1-3-4. తలకట్టు, గుడిదీర్ఘము, వట్రుసుడి అని చూపున్న పిల్లవాడు పడు బాధలలో సగము ఈ లిపిలో లేవు. మన మొదటి తరగతి పిల్లలు ఈ మాట విన్నచో అసూయపడుదురు!

ఇప్పుడు భాషాల్పసంఖ్యాకులమైన మనము ప్రత్యేకముగ గమనింపవలసిన విషయమొకటి కలదు. పైన చెప్పిన క, మ, ల అను గడులు కన్నడమునకును అవియే. కన్నడమున ‘ಕ’ యనునదియు 1, 3 చుక్కలే అని ఉదాహరింపదలచితిని గాని, వ్రేలికి ఆ కన్నడ అక్షరపు ఆకారముతో పనియే లేదు. ‘కాలు’ అను మాట తెలుగున నున్నట్లే కన్నడమునను కలదు. రెండు భాషల అంధ బాలురును ఆ మాటను ఒకే నాలుగు గడులతో వ్రాయుదురు, ఒకే విధముగ చదువుదురు. కన్నడ మాధ్యమ పాఠశాలలో చేర్చినచో మా బిడ్డ తెలుగు అక్షరములకు దూరమగునని కొందఱు తల్లిదండ్రులు వెనుదీయుదురు. చూపున్న పిల్లవాని విషయమున ఆ భయమునకు కొంత అర్థము కలదు. చూపులేని పిల్లవాడు కన్నడ బ్రెయిలీ నేర్చిన దినముననే దాదాపుగా తెలుగు లిపియు నేర్చినవాడగుచున్నాడు. ఇంటిలో తెలుగు మాటలాడుట మానకుండిన చాలును. భాష తల్లి నోట నున్నది, లిపి బిడ్డ వ్రేలిపై నున్నది. కాబట్టి మాధ్యమమును గూర్చిన శంక చేత ఒక్క సంవత్సరమైనను జాఱవిడువరాదు.

వ్రాయుటకు కావలసిన పరికరములు స్వల్పము. గడులు తొలిచిన ఒక పలక, దళసరి కాగితము, స్టైలసు అను మొద్దుమొన సూది. కాగితమును పలకలో బిగించి సూదితో పొడిచినచో చుక్క వెనుక ప్రక్కకు ఉబుకును. కావున కుడి నుండి ఎడమకు వ్రాసి, కాగితమును త్రిప్పి ఎడమ నుండి కుడికి చదువవలయును. మొదటి నెలలో ఇది గందరగోళముగ నుండును. తరువాత చేయి తానై పోవును. లెక్కలకు టేలరు ఫ్రేము అను చట్రము కలదు. అందు ఎనిమిది కోణములు గల రంధ్రములు వరుసగా నుండును. ఒక చిన్న లోహపు మేకును రంధ్రమున నిలుపు కోణమును బట్టి అంకె మాఱును. మేకుకు రెండు కొనలు. ఒక కొనపై గట్టు, రెండవ కొనపై రెండు మొనలు. కొన కెనిమిది చొప్పున పదునాఱు గుర్తులు లభించును. పది అంకెలు పోగా మిగిలినవి కూడిక, తీసివేత మొదలగు గుర్తులకు చాలును. చూపులేనివారు లెక్కలు చేయజాలరనుట ఈ చట్రమును చూడనివారి మాట.

నేటి కాలమున ఫోనులును, కంప్యూటరులును తెరమీది అక్షరములను బిగ్గఱగా చదివి వినిపించుచున్నవి. తెలుగునను చదువుచున్నవి. ఇది గొప్ప సహాయము. అయినను వినికిడి మాత్రము చేత వర్ణక్రమము రాదు. ‘కల’, ‘కళ’ అను భేదము, ఒత్తు, దీర్ఘము ఇవి వ్రేలికి తగిలిననే నిలుచును. యంత్రమున్నదని బ్రెయిలీ మాన్పించుట, రేడియో యున్నదని పలక మాన్పించుట వంటిది.

బడికి పంపుటకు ముందే ఇంటిలో కావలసిన శిక్షణ యొకటి కలదు. దీనికి ధనము అక్కఱలేదు. బిడ్డను ఎత్తుకొని తిరుగుటకు బదులు నడువనీయుడు. గోడ పట్టుకొని, గడప తాకి, నీళ్ల కుండ ఎచ్చట నున్నదో తానే తెలిసికొననీయుడు. అన్నము తానే కలుపుకొని తినవలయును. చొక్కా బొత్తాము తానే పెట్టుకొనవలయును. చేతికిచ్చు ప్రతి వస్తువును పేరుతో సహా ఇయ్యుడు: ఇది గరిటె, ఇది చేట, ఇది తడిబట్ట. చేటలో కందులు, పెసలు, సెనగలు కలిపి పోసి వేఱుచేయుమనుడు. ఆ యాట వ్రేళ్లకు చేయు మేలు ఇంతయని చెప్పరాదు. చుక్కను గుర్తింపవలసిన వ్రేలు మొదట పెసరగింజను గుర్తింపవలయును. అవ్వలు చెప్పు కథలు, పొడుపుకథలు వినిపించుడు. ‘పాపము, వానికేమి తెలియును’ అని అన్ని పనులును తామే చేసిపెట్టు తల్లిదండ్రులు, తెలియకయే, బిడ్డకు రెండవ అంగవైకల్యమును కలిగించుచున్నారు. పిల్లవానిని పేరుతో పిలువవలయునే గాని లోపముతో పిలువరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక బడులు. భారతదేశమున అంధులకు తొలి పాఠశాల 1887లో అమృతసరమున నెలకొనెను. మైసూరు సంస్థానమున 1901లోనే మైసూరు పట్టణమున చెవిటి, అంధ బాలురకు పాఠశాల వెలసెను. బెంగుళూరున 1969లో స్థాపింపబడిన శ్రీ రమణ మహర్షి అంధుల అకాడమీ జె.పి. నగరమున కలదు. తాను స్వయముగా చూపులేనివాడైన మహాంతేశుగారు మిత్రుడు నాగేశుగారితో కూడి 1997లో సమర్థనం సంస్థను స్థాపించిరి. 1990లో మధు సింఘాల్ గారు స్థాపించిన మిత్రజ్యోతి బ్రెయిలీ పుస్తకములను, వినుటకు తగిన పుస్తకములను సమకూర్చుచున్నది, ఆమెయు చూపులేనివారే. ఈ సంస్థలలో రెండింటిని నెలకొల్పినవారు అంధులే యగుట గమనింపదగినది.

ప్రత్యేక పాఠశాలకే పంపవలయునను నిర్బంధము లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు నుండి అమలునకు వచ్చినది. నూటికి నలుబది పాళ్లు, లేక అంతకు మించిన వైకల్యము గల 6 మొదలు 18 ఏండ్ల బాలబాలికలకు ఇంటికి చేరువనున్న బడిలో గాని, వారు కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య హక్కుగా లభింపవలయునని ఆ చట్టము చెప్పుచున్నది. పై చదువులలో నూటికి అయిదు స్థానములకు తక్కువ కాకుండ, ప్రభుత్వ ఉద్యోగములలో నూటికి నాలుగింటికి తక్కువ కాకుండ వికలాంగులకు ప్రత్యేకింపవలయును. ఆ నాలుగింటిలో ఒకటి చూపులేనివారికిని, చూపు మందమైనవారికిని చెందును. వీనికన్నింటికిని మూలము వైద్యులిచ్చు ధ్రువపత్రము. అనంతపురమున తీసికొన్న పత్రము బెంగుళూరున చెల్లదేమోయని కూలికి వచ్చినవారు భయపడుదురు. ఆ భయము వలదు. ఆ పత్రము దేశమంతటను చెల్లునని చట్టమున స్పష్టముగ నున్నది. పింఛను మాత్రము ఆయా రాష్ట్రముల నియమముల ననుసరించును.

పత్రము కొఱకు వైద్యుని వద్దకు పోయినపుడు మఱియొక మేలు కలదు. చూపు లేదని మనమనుకొన్న పిల్లలందఱికిని చూపు పూర్తిగా లేకపోదు. కొందఱికి తగిన కంటి అద్దములు, భూతద్దము, పెద్ద అక్షరముల పుస్తకము, ముందు బల్ల ఇచ్చినచో మామూలు లిపియే చదువగలరు. నల్లగ్రుడ్డు నడుమ తెల్లగా కనబడిన పసిబిడ్డను ఒక్క వారమైనను ఆలసింపక కంటి ఆసుపత్రికి కొనిపోవలయును. పుట్టుకతో వచ్చిన శుక్లమునకు తొలి నెలలలో చేసిన శస్త్రచికిత్స చూపు నిలుపగలదు, ఏండ్లు గడచిన పిదప చేసినది నిలుపజాలదు. నెలలు నిండక పుట్టిన బిడ్డకు నెలలోపుగా కంటి లోపలి పొరను పరీక్ష చేయింపవలయును. కంటిలో ఆకుపసరు పోయరాదు. తొమ్మిదవ నెల మొదలు అయిదేండ్ల వఱకు ఆఱు నెలల కొకమాఱు విటమిను ‘ఎ’ మందు ఉచితముగ పోయుదురు. మునగాకు, బొప్పాయి, క్యారెట్టు పెట్టుట మన చేతిలోనిది. మేనరికముల మాట యెత్తినచో మనవారికి కోపము వచ్చును. అయినను చెప్పక తప్పదు: వంశమున కంటి జబ్బున్నపుడు రక్తసంబంధమున పెండ్లి చేసినచో ఆ జబ్బు బిడ్డలకు వచ్చు అవకాశము పెరుగును.

చదివిన పిమ్మట ఏమగుదురని తల్లిదండ్రులడుగుదురు. మచిలీపట్టణము దాపున సీతారామపురమున 1991లో ఒక రైతు కుటుంబమున శ్రీకాంత్ బొల్లా చూపు లేకయే పుట్టెను. హైదరాబాదులోని ప్రత్యేక పాఠశాలలో చదివి పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొనెను. చూపులేనివాడు సైన్సు చదువరాదని అడ్డు చెప్పగా న్యాయస్థానమునకు పోయి అనుమతి పొందెను. ఇంటర్మీడియెట్టులో నూటికి 98 మార్కులు సాధించెను. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో పట్టము పొంది, తిరిగివచ్చి 2012లో హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమలను స్థాపించెను. 2024లో ఆతని కథ చలనచిత్రముగ వచ్చినది. మనలో చాలమంది చూచియే యుందురు. చిత్రమున కంటె న్యాయస్థానపు ఘట్టమే నాకు ముఖ్యముగ తోచును. ఆతడు గెలిచినది తనకొక్కనికే కాదు గదా!

ఇంకను దాపున చూడుడు. 2025 నవంబరులో కొలంబో నగరమున అంధ మహిళల తొలి ట్వెంటీ-20 ప్రపంచ కప్పును భారతదేశము గెలిచినది. జట్టు నాయకురాలు దీపిక శ్రీ సత్యసాయి జిల్లాలో మడకశిర వైపు కర్ణాటక సరిహద్దునున్న పల్లెకు చెందినది. ఆడినది కర్ణాటక తరఫున. అంధుల క్రికెట్టున బంతి ప్లాస్టికుది. లోపల గుండ్లుండి గలగల మ్రోగును. ఆ ధ్వనిని బట్టి ఆడుదురు. జట్టులో కనీసము నలుగురు పూర్తిగా చూపులేనివారై యుండవలయును. పురుషుల తొలి ట్వెంటీ-20 ప్రపంచ కప్పు 2012 డిసెంబరులో మన బెంగుళూరుననే జరిగినది. అదియు మనవారే గెలిచిరి.

విద్యార్థులారా, ఇప్పుడు మీ వంతు. చూపులేని బాలుడు పరీక్షకు కూర్చుండునపుడు తాను చెప్పుచుండగా వ్రాయుటకు ఒకరిని తోడు తెచ్చుకొనవచ్చును. వానిని స్క్రైబు అందురు. గంటకు ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలము ఇయ్యవలయునని నియమము. వ్రాయువాడు పరీక్షార్థి కంటె క్రింది తరగతివాడై యుండవలయును. కర్ణాటక ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో ప్రథమ భాషగా తీసికొనదగిన భాషలలో తెలుగును ఒకటి. చూపులేని తెలుగు బాలిక ఒకతె ఆ పత్రమునకు కూర్చుండిన దనుకొనుడు. ఈ మహానగరమున కన్నడము వ్రాయగలవారు, ఆంగ్లము వ్రాయగలవారు ఎందఱైనను దొరకుదురు. తెలుగు మాటలాడువారును లక్షలుగ నున్నారు. ఒత్తులు తప్పకుండ తెలుగు వ్రాయగల తొమ్మిదవ తరగతి పిల్లవాడు ఎచ్చట దొరకును? మన వంటి కొలది పాఠశాలలలో తప్ప మఱెచ్చటను దొరకడు. తెలుగు మాధ్యమమున చదివి యేమి ప్రయోజనమని మిమ్ము హేళన చేయువారికి ఈ యొక్క సంగతి చెప్పవచ్చును.

బెంగుళూరు నివాసిని పుష్పప్రియగారు 2007 నుండి వందలకొలది పరీక్షలను ఇట్లు ఇతరుల కొఱకు వ్రాసిరి, ప్రతిఫలము పుచ్చుకొనలేదు. 2018వ సంవత్సరపు నారీశక్తి పురస్కారము వారికి లభించినది.

ఈ పని తేలికయని తలంపకుడు. దీనికి అభ్యాసము కావలయును. వ్రాయువాడు చెప్పినది చెప్పినట్లు వ్రాయవలయును; తప్పని తోచినను దిద్దరాదు, తెలిసినను అందింపరాదు. ప్రశ్నను తొందరపడక, అర్ధవిరామములతో సహా చదివి వినిపింపవలయును. కోరినచో మూడుమాఱులైనను చదువవలయును. పటముండిన చోట పటమున నేమున్నదో ఎడమ నుండి కుడికి వర్ణింపవలయును. ఎన్ని పుటలు నిండినవో, ఎంత కాలము మిగిలినదో అడుగకయే చెప్పవలయును. పరీక్ష గదికి పోవునపుడు చేయి పట్టి లాగరాదు. మీ మోచేతిని వారు పట్టుకొనునట్లు నిలిచి, ఒక యడుగు ముందు నడువవలయును. మెట్లు వచ్చినచో ఎక్కుటయో దిగుటయో ముందే చెప్పవలయును.

సాయంకాలమున అరగంట సేపు ఇద్దఱేసి కూర్చుండి అభ్యసింపుడు. ఒకరు కన్నులు మూసికొని, పుస్తకము చూడక, ఒక జవాబు మొదటి నుండి తుది వఱకు చెప్పవలయును. మఱియొకరు వ్రాసి, ముగిసిన పిదప చదివి వినిపింపవలయును. చెప్పువాడు ఎచ్చట ఆగెనో అచ్చట వ్రాయువాడును ఆగవలయును. ‘న’యో ‘ణ’యో, ‘ల’యో ‘ళ’యో, ‘శ’యో ‘ష’యో స్పష్టముగ వినబడనిచో ఊహించి వ్రాయక నిలిచి అడుగవలయును. తెలుగు పత్రమున మార్కులు పోవునది ఎక్కువగా అచ్చటనే.